ఫైనల్ రౌండ్‌లో బావ

"ఈ ఫొటో చూడు," అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ బాస్ అయిన పెద్దాయన.

గోరింక ఫొటో అందుకుని రెండోసారి చూశాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ గోరింక అని పిలిచే ఆ ఏజెంట్ ఎన్నో ఫొటోలు చూశాడు. టార్గెట్ ఫైల్లో సొంత అక్క మొగుడి ఫొటో చూడటం మాత్రం ఇదే మొదలు.

"బావేం చేశాడు సార్?"

"ఇంకా ఏమీ చెయ్యలేదు. ఈ మధ్యాహ్నం చెయ్యబోతున్నాడు. తెలియకుండానే."

బ్రీఫింగ్ మొదలైంది. ఊళ్లో ఉద్యోగాలు ఊడుతున్నాయి. ఒక్క ఖాళీ పడితే వేల రెజ్యూమేలు వచ్చి పడుతున్నాయి. ఈ కరువులో ఒక్క జాబ్ పోర్టల్ మాత్రం రోజురోజుకీ కొత్త పోస్టులు పెడుతోంది. దాని వెనక ఉన్నది విదేశీ ముఠా. ఉద్యోగం పోయిన ఇంజనీర్లను పిలవడం, ఇంటర్వ్యూ పేరుతో రహస్యాలు లాగడం వాళ్ల పని.

"ఎలా పట్టుకున్నారు సార్?"

"అప్లై చేసిన ప్రతివాడికీ జవాబిస్తున్నారయ్యా! రిజెక్ట్ చేసినా కారణం రాసి మరీ పంపుతున్నారు. నిజమైన కంపెనీ ఏదైనా అలా చేస్తుందా? అక్కడే అనుమానం వచ్చింది."

బావ మొన్నటిదాకా పవర్ కంట్రోల్ రూమ్‌లో పని చేశాడు. నగరమంతా కరెంటు పోతే ఏ స్విచ్ తర్వాత ఏది వేసి తెప్పించాలో ఆయనకు కంఠతా వచ్చు. ఆ వరుస తెలిస్తే ముఠా కరెంటు తీసేసి, మళ్లీ రాకుండా చెయ్యగలదు. ఆస్పత్రులతో సహా అంతా చీకటి. ఆ వరుస గీసి ఇచ్చిన బావకు జైలు.

"ఒక్క ఫోన్ చేసి ఆపేస్తాను సార్."

"ఆపితే ఇంకొకణ్ణి పిలుస్తారు. ఇదివరకటి వాళ్లు చెప్పిందంతా వాళ్ల ఆఫీసు లోపలి గదిలోనే ఉంది. మనం తలుపు బద్దలు కొడితే ఒక్క బటన్ నొక్కి మొత్తం దేశం దాటిస్తారు. ముందు నువ్వు లోపలికి వెళ్లి ఈ పెన్ను టేబుల్ మీద పెట్టాలి. దీని లైటు పచ్చగా మారితే ఆ గదిలోంచి ఒక్క మాట బయటికి పోదు. కాకపోతే మారడానికి కాస్త టైం తీసుకుంటుంది."

"లోపల మనవాళ్లెవరు?"

"వాళ్ల టాలెంట్ హెడ్. ఇంటర్వ్యూలు చేసేది ఆవిడే. జీతం వాళ్లిస్తారు, పని మనకు చేస్తుంది. ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారని అడుగుతుంది. 'మీ కుర్చీలో' అను. లోపలి గది కార్డు నీ చేతికొస్తుంది."

పెట్టుడు గడ్డం, లావుపాటి కళ్లజోడు, ఇస్త్రీ నలగని చొక్కా. గోరింక సేల్స్ మేనేజర్ అభ్యర్థిగా ముఠా ఆఫీసున్న అద్దాల భవనంలో అడుగుపెట్టాడు. వెయిటింగ్ హాల్లో కూర్చున్నవాళ్ల మొహాల్లో ఆశ కనిపించింది. ఇక్కడ అసలు ఉద్యోగమే లేదని వాళ్లకెవరు చెబుతారు?

పేరు పిలిచారు. తెల్ల సిల్కు సూటులో టాలెంట్ హెడ్ కాలు మీద కాలేసుకుని కూర్చుంది. గోరింక దాకా సెంటు వాసన ముందు, ఆమె నవ్వు తర్వాత వచ్చాయి.

"ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారు?"

"మీ కుర్చీలో."

నవ్వు మాయమైంది. "మళ్లీ చెప్పండి?"

చెప్పాడు. జేబులోని పెన్ను కాస్త పైకి లాగి చూపించాడు. ఆమె మొహం పాలిపోయింది. గొంతు బాగా తగ్గించి, "ఇంతకుముందు వచ్చినాయన కూడా ఇదే అన్నాడు. కార్డు ఆయనకిచ్చేశాను," అంది.

గోరింకకు పెద్దాయన మీద ఒళ్లు మండిపోయింది. ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లంతా వీడియోలు చూసి బట్టీపట్టే జవాబును ఎవడైనా కోడ్‌వర్డ్‌గా పెడతాడా?

"మీ బావని లోపలికి తీసుకెళ్లిపోయారు. పరిగెత్తు!"

కారిడార్ చివర స్టీలు తలుపు. పక్కన కుర్చీలో యాభై దాటిన పెద్దమనిషి. మెడలో కార్డు. ఫోన్‌లో కూతురితో, "వచ్చేసిందమ్మా ఉద్యోగం! నువ్వు నేర్పించిన జవాబే చెప్పాను," అంటూ కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఆ కార్డు ఒకసారి ఇవ్వండి సార్."

"ఇవ్వను బాబూ. మొదటిరోజే కంపెనీ కార్డు పరాయివాళ్ల చేతిలో పెట్టమంటారా?"

లాక్కుంటే గొడవవుతుంది. గోరింక పళ్లు బిగించి నవ్వాడు. "భలేవారే! అది పరీక్ష. పాసయ్యారు. ఇప్పుడు మీరే ఈ తలుపు తెరవండి, అదే మీ మొదటి డ్యూటీ."

పెద్దమనిషి లేచి, చొక్కా సర్దుకుని, కార్డు తాకించాడు. అంత నమ్మకంగా చేస్తుంటే గోరింకకు సిగ్గేసింది.

లోపల బోర్డు ముందు బావ, చేతిలో మార్కర్. సగం బొమ్మ అప్పటికే గీసేశాడు. గోడ మీది స్క్రీన్‌లో మసకమసకగా ఒక మొహం.

"ఆఖరి మూడు స్విచ్‌లూ ఏ వరుసలో?" అడిగింది స్క్రీన్.

గోరింక పెన్ను టేబుల్ మీద పెట్టాడు. ఎర్ర లైటు.

"ఎవరు నువ్వు?" స్క్రీన్ అరిచింది.

"హెచ్ఆర్ సార్." గొంతు మార్చి, బావ వైపు తిరిగాడు. ఎర్ర లైటు ఎర్రగానే ఉంది. మార్కర్ బోర్డును తాకింది. ఏం చెబితే ఆగుతాడీ మనిషి?

"సారీ సార్. ఈ పోస్టు హోల్డ్‌లో పెట్టారు."

మార్కర్ ఆగింది. బావ ఆశ్చర్యపోలేదు, కోప్పడలేదు. ఆ మాట ఎన్ని ఆఫీసుల్లో విన్నాడో, భుజాలు మాత్రం కిందికి జారిపోయాయి.

"ఈ ముక్క మొదటి రౌండ్‌లోనే ఏడవచ్చుగా," అంటూ మార్కర్‌కు మూత పెట్టాడు బావ.

"అబద్ధం! గీయండి! జీతం రెట్టింపు చేస్తాం!"

బావ స్క్రీన్ వైపు వింతగా చూశాడు. "అడక్కుండా జీతం పెంచుతారా? అసలు ఏం కంపెనీ అండీ మీది?" అని డస్టర్ తీసుకుని బొమ్మంతా తుడిచేశాడు.

"మొత్తం పంపించెయ్!" స్క్రీన్ ఎవరికో కేక వేసింది. అదే క్షణంలో లైటు పచ్చబడింది. స్క్రీన్ నల్లబడింది. కారిడార్‌లో డిపార్ట్‌మెంట్ వాళ్ల బూట్ల చప్పుడు దడదడలాడింది.

కార్డు ఇవ్వనన్న పెద్దమనిషికి పెద్దాయన ఉద్యోగమిచ్చి, తన ఆఫీసు రిసెప్షన్‌లోనే కుర్చీ వేయించాడు. కార్డు అడిగితే డిపార్ట్‌మెంట్ బాస్‌కైనా ఇవ్వనివాడు మరెక్కడ దొరుకుతాడు?

మర్నాడు అక్క ఫోన్ చేసింది. ఎగుమతుల కంపెనీలో గుమాస్తా అనుకునే తమ్ముడితో ఏడుపు ఆపుకుంటూ మాట్లాడింది.

"మీ బావకి ఇంచుమించు వచ్చేసిందిరా. జీతం రెట్టింపన్నారట కూడా. ఎవడో గడ్డంవాడు చివర్లో ఊడిపడి చెడగొట్టాడు. వాడి నోట్లో మన్ను పడ!"

"తథాస్తు అక్కా," అన్నాడు గోరింక. "బావ రెజ్యూమే ఒకటి నాకు పంపించు."