గ్యారేజీలో పావుగంట

ఎనిమిదింటికి బయల్దేరాల్సిన మనిషి ఏడూ ముప్పావుకే గ్యారేజీలోకి పోయి కూర్చుంటాడు. షట్టర్ పైకెత్తి, కారు స్టార్ట్ చేసి, స్టీరింగ్ ముందు అలాగే ఉండిపోతాడు. ఏమిటయ్యా అంటే "ఇంజన్ వేడెక్కాలె గదమ్మా" అంటాడు. కొడుకు రాఘవ్‌ది ఈ వరస ఏడాదిగా లక్ష్మీబాయికి మింగుడు పడటం లేదు. తల్లి పక్కన కూర్చుని ఒక్క సర్వపిండి ముక్క నిదానంగా తినడానికి తీరిక లేదు గానీ, కారుకు పావుగంట సేవ చేయడానికి మాత్రం బాగానే దొరుకుతుంది.

ఆ రోజు శుక్రవారం. జూన్‌లో చలికాలం వచ్చే ఆ దూరదేశంలో, హామిల్టన్ శివారు రోటోటూనాలో ఇళ్ల ముందున్న గడ్డంతా మంచు పట్టి తెల్లబడింది. కోడలు స్పందన హాస్పిటల్ ల్యాబులో డ్యూటీకి ఆరింటికే వెళ్లిపోయింది. మనవరాలు రుచితకు బడి లేదు. టీచర్లు మాత్రమే బడికి వెళ్లే రోజట. పిల్లల్లేని బడిలో టీచర్లేం చేస్తారో లక్ష్మీబాయికి అర్థం కాలేదు. అయినా పదేళ్ల పిల్ల రోజంతా ఇంట్లో ఉంటుందంటే ఆమెకు అదే పండగ.

పండగే గానీ, మనసు మాత్రం గ్యారేజీలో ఉంది. అక్కడ గడ్డి కోసే మిషనుకు పైన, పెయింటు డబ్బాల పక్కన, చెక్క అరమీద ఎర్రగుడ్డ కట్టిన రాగిచెంబు ఉంది. అందులో ఆమె భర్త లింగయ్య అస్థికలున్నాయి.

లింగయ్య జగిత్యాల డిపోలో ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు. రిటైరయ్యాక భార్యతో కలిసి కొడుకు దగ్గరికి వచ్చి, రెండేళ్లు మనవరాలిని బడికి దింపి తెచ్చి, ఒకరోజు పొద్దున గుండె ఆగి పోయాడు. దహనం హామిల్టన్‌లోనే జరిగింది. బూడిదను ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పైన పేరు అంటించి ఇచ్చారు. మనిషిని షాపు సామానులా చేతికిచ్చారని లక్ష్మీబాయి ఆ డబ్బాను చూసి భోరుమంది. ఆ రోజే రాగిచెంబులోకి మార్పించింది. అస్థికలు ఇంట్లోకి తేకూడదు. చెట్టుకు కడదామంటే ఈ ఊరి గాలీవానా నమ్మదగ్గవి కావు. గ్యారేజీ అయితే ఇల్లూ కాదు, బయటా కాదు. పది రోజులు ఉంటాడనుకున్న మనిషి పదకొండు నెలలుగా అక్కడే ఉన్నాడు.

ఏడాది తిరిగేలోగా అస్థికలు పారే నీళ్లలో కలవకపోతే, ఆ జీవుడు ఇటూ అటూ కాకుండా తిరుగుతాడని ఆమె నమ్మకం. సంవత్సరీకం ఇంక పంతొమ్మిది రోజులే ఉంది.

చాయ్ గ్లాసు పట్టుకుని ఆమె గ్యారేజీ తలుపు తీసింది. రాఘవ్ చప్పున నోరు మూసుకున్నాడు. ఫోన్‌లో మాట్లాడుతున్నాడు కాబోలనుకుంది.

"టికెట్లు జేసినవా రాఘవా?"

"చేస్తనే అమ్మా. ఆఫీస్‌ల ప్రాజెక్ట్ నడుస్తున్నది. వచ్చే నెల..."

"వచ్చే నెల, వచ్చే నెల! దీపావళికన్నవ్, ఉగాదికన్నవ్. ఇవేమన్న పుష్కరాలా, పన్నెండేండ్లకోసారి జేసెతందుకు? మీ బాపు ఆ పేంట్ డబ్బాల నడుమ ఇంకెన్నొద్దులుండాలె?"

రాఘవ్ స్టీరింగ్ మీద అరచేయి రుద్దాడు. "అమ్మా, అండ్ల ఏమున్నదో చెప్పు? బొక్కల పొడి. కాల్షియం. మనిషి వోయినంక ఏం మిగలది. నువ్వు ఊకె పరేషాన్ అయితున్నవ్."

"ఏం మిగలదా? మరి నీ మొఖం మీద ఆ ముక్కెవలిది?"

అతను కారు వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు. చాయ్ గ్లాసు ఆమె చేతిలోనే చల్లారింది.

ఇక ఆగి లాభం లేదని లక్ష్మీబాయికి అనిపించింది. కొడుకు చేయాల్సిన పనే, కాదనదు. కానీ కొడుకు చేయనంటే చెంబుకు కాళ్లొస్తాయా? అరగంట నడిస్తే నది ఉంది. పేరు వైకాటో అయితేనేం, పారేది నీళ్లే కదా. వాళ్ల ఊరివైపు గోదావరిని కూడా గంగ అనే పిలుస్తారు. పారే నీళ్లన్నీ గంగేననుకుంది. తలస్నానం చేసి, పసుపు, నువ్వులు, గుప్పెడు బియ్యం కొంగున కట్టుకుంది. పెరట్లో పూసిన కమీలియా పూలు నాలుగు కోసింది. పైన స్వెటరేసుకుని, చెంబు గుండెలకు హత్తుకుని, మనవరాలిని తోడు తీసుకుని బయల్దేరింది.

"నానమ్మా, తాతను ఎక్కడికి తీస్కెళ్తున్నం? డాడీకి తెలుసా?"

"తెలుస్తది తియ్యి. నువ్వు జారకుంట నడువు బిడ్డా."

ఒడ్డుకు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. అక్కడ నదిలో కలిసే సన్నటి వాగు దగ్గర మెరె కూర్చుని ఉంది. మెరె ఈ దేశపు మూలవాసులైన మావోరీల ఆవిడ, డెబ్బై దాటి ఉంటాయి. వాగు నీళ్లలో పెరిగే వాటర్‌క్రెస్ అనే ఆకుకూర కోసుకోవడానికి వస్తుంటుంది. ఆకుకూర కనిపిస్తే వంగకుండా ఉండలేని లక్ష్మీబాయికి, కూర కోస్తున్న ఆవిడకు, భాష లేకుండానే స్నేహం కుదిరింది. ఒకసారి మెరె గుప్పెడు కూర ఇస్తే, ఈవిడ పెసరపప్పులో వేసి వండి డబ్బా నింపి తెచ్చిచ్చింది. అప్పట్నుంచి మెరె ఈవిడకు "మెరక్క".

మెరక్క ఎర్రగుడ్డ కట్టిన చెంబునూ, పూలనూ చూసింది. రుచితను ఏదో అడిగింది. రుచిత చెప్పింది. ఆవిడ చేతిలో కూర కింద పెట్టి, లేచి వచ్చి, లక్ష్మీబాయి రెండు చేతులనూ చెంబుతో సహా పట్టుకుంది. తల అడ్డంగా ఊపుతూ మెల్లగా చాలాసేపు మాట్లాడింది.

"నానమ్మా, ఇక్కడ కలపొద్దు ప్లీజ్ అంటుంది. ఈ రివర్ వాళ్లకు వాళ్ల తాతముత్తాతల లాంటిదంట. వాళ్ల ఫుడ్ ఇందులో నుంచి తీస్కుంటరంట. చనిపోయినవాళ్లవి, ఫుడ్‌వి కలవొద్దంట. వెరీ వెరీ సారీ అంటుంది."

లక్ష్మీబాయికి ఒక్కసారిగా కోపం తన్నుకొచ్చింది. "నదికి గూడ మీది మాది ఉంటదా? పారే నీళ్లకు మైలేందే?"

ఆ మాట తన నోటి నుంచి వచ్చాక ఆమె చూపు గడ్డి మీది కూరకట్ట మీద పడింది. నీళ్లు కారుతూ పచ్చగా ఉంది. లింగయ్య పోయిన రోజు ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. దహనం నుంచి వచ్చినవాళ్లు తలస్నానం చేసేదాకా ఎవరినీ వంటింట్లోకి అడుగు పెట్టనివ్వలేదు. చావు నీళ్లు వేరు, అన్నం నీళ్లు వేరు. తన ఇంట్లో తాను పాటించిందే ఈవిడ తన నది దగ్గర పాటిస్తోంది. ఆ నీళ్ల కూరే తాను పప్పులో వేసి మనవరాలికి పెట్టింది. లక్ష్మీబాయికి సిగ్గనిపించింది.

"తప్పైందక్కా," అంది. దాన్ని రుచిత తర్జుమా చేయనక్కర్లేకపోయింది.

చెంబు ఒళ్లో పెట్టుకుని ఒడ్డునున్న బెంచీ మీద కూలబడింది. "మరి ఈయన్ను ఏడికి తీస్కవోవాలె నేను? ఏ నీళ్లకీ కాకుండ వోయిండు గదా," అని ఏడుస్తుంటే, మెరక్క పక్కన కూర్చుని వీపు నిమిరింది.

అప్పుడే పైనుంచి మెట్లు దిగుతూ రాఘవ్ పరుగెత్తుకొచ్చాడు. కూతుర్ని స్విమ్మింగ్ క్లాసుకు దింపడానికి ఇంటికి వస్తే ఇల్లు తాళం, గ్యారేజీలో అర ఖాళీ. నది దగ్గరికేనని పోల్చుకున్నాడు. ఆఫీసు బూట్లకు బురద, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కలిపినవా? అమ్మా, కలిపినవా?"

"నేనేం జేస్తె నీకేంది?"

"నన్నడగకుంట బాపును ఎట్ల తీస్కచ్చినవ్?"

"అడగకుంటనా!" లక్ష్మీబాయి లేచి నిలబడింది. "పదకొండు నెలల సంది అడిగిన. అండ్ల ఏం లేదంటివి గద. బొక్కల పొడి, కాల్షియం అంటివి. కాల్షియం కోసమా గింత ఉర్కచ్చినవ్?"

రాఘవ్ అమ్మ చేతిలో గుడ్డ విప్పని చెంబును చూశాడు. తడి గడ్డి మీద అలాగే కూర్చుండిపోయాడు.

"పొద్దుగాల బండ్ల కూసుంటె, ఇగ నేనెవలతోని మాట్లాడాలె అమ్మా?"

లక్ష్మీబాయికి అర్థం కాలేదు.

"రోజు బాపుతోని మాట్లాడుత. రుచిత ఈత నేర్సుకుంటున్నదని, మంచు వడ్డదని, మేనేజర్ సతాయిస్తున్నడని. బాపు అంటుండె గద, బండి గూడ మనిషే కొడుకా, లేవంగనే ఉర్కమంటె ఉర్కుతదా అని. ఆ పావుగంట బాపుదే." చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "వోయిన పొద్దుగాల గూడ బాపు గ్యారేజ్‌లకచ్చిండు. నాకేదో చెప్పవోయిండు. మీటింగ్ ఉన్నదని ఇనకుంట బండి రివర్స్ కొట్టిన. పదింటికి నీ ఫోన్ వచ్చింది. ఏం చెప్పవోయిండో నాకిప్పటిదాక తెల్వది. టికెట్లు రెండుసార్లు బుక్ చేసిన, రెండుసార్లు కాన్సిల్ చేసిన. గోదాట్ల కలిపినంక ఇగ బాపు ఏడుంటడు?"

రుచిత వచ్చి తండ్రి భుజాన్ని పట్టుకుంది. నాన్న ఏడవడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు.

లక్ష్మీబాయి గుండె చెరువైంది. కొడుకుది నిర్లక్ష్యం అనుకుని ఏడాదంతా సాధించింది. ఒకే గోడకు ఇటు తాను, అటు వాడు, ఒకే మనిషి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారన్నమాట. ఆమె కూడా గడ్డి మీదే కూర్చుని వాడి తల దగ్గరికి తీసుకుంది.

"పిచ్చోడా. ఏం చెప్పవోయిండో నాకెరుకే."

రాఘవ్ తలెత్తాడు.

"వచ్చేటప్పుడు డైరీ కొట్టు కాడ పాలు తెమ్మని చెప్పెతందుకు వచ్చిండు. గంతే. లోపలికి మర్రచ్చి, 'పోరడు జల్దిల ఉన్నడే, నేనే వోయి తెస్త' అని నవ్విండు. నీ మీద ఆయనకు గింతంత కోపం లేకుండె. ఏడాది కింద అడిగితె అప్పుడే చెప్పకపోదునా కొడుకా?"

"పాలా?" అన్నాడు రాఘవ్. నవ్వబోయి, పెద్దగా ఏడ్చేశాడు. లక్ష్మీబాయి ఆపలేదు, ఏడవనిచ్చింది.

ఇదంతా చూస్తున్న మెరక్కకు ఏమర్థమైందో గానీ, కాసేపయ్యాక రాఘవ్‌ను ఇంగ్లీషులో ఒకటే అడిగింది. "మీ నాన్న నది ఏది?"

రుచిత వెంటనే అందుకుంది. బడిలో తమను తాము పరిచయం చేసుకునేటప్పుడు పిల్లలంతా తమ కొండ, తమ నది పేర్లు చెబుతారట. "నా రివర్ వైకాటో. తాతది?"

"గోదావరి," అన్నాడు రాఘవ్.

"అయితే ఆ నది ఆయన కోసం చూస్తూ ఉంటుంది. పంపించు," అంది మెరక్క. తన భర్త పోయి పన్నెండేళ్లయిందట. ఏడాది నిండగానే అందరూ కలిసి సమాధి రాయి మీద అప్పటిదాకా కప్పి ఉంచిన గుడ్డ తీసి, కడుపారా ఏడ్చారట. "అంతమాత్రాన మాట్లాడటం మానేశాననుకున్నావా? ఇప్పుడు కూడా కూర కోస్తూ ఆయనతోనే మాట్లాడుతున్నా. నువ్వొచ్చి చెడగొట్టావు," అంది. ఏడుపు మధ్యలోనే రాఘవ్‌కు నవ్వొచ్చింది.

వెళ్లేముందు మెరక్క తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి ముగ్గురి చేతుల మీదా పోసింది. చచ్చిపోయినవాళ్ల దగ్గర్నుంచి వచ్చేటప్పుడు అలా కడుక్కోవాలట. "అచ్చం మా తీరే!" అంది లక్ష్మీబాయి ఆశ్చర్యంగా.

ఆ సాయంత్రమే రాఘవ్ టికెట్లు బుక్ చేశాడు. ఈసారి తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చేశాడు. సంవత్సరీకానికి మూడు రోజుల ముందు ధర్మపురిలో, కొత్త నీళ్లతో ఎర్రగా పారుతున్న గోదావరిలో మోకాళ్ల లోతుకు దిగి తండ్రిని కలిపాడు. లక్ష్మీబాయి దండం పెట్టుకుంది. గోదావరికి పెట్టింది, భర్తకు పెట్టింది. తెలియక చేయబోయిన తప్పుకు అడ్డుపడి, తన కొడుకు మనసు తనకు చూపించిన ఆ దూరదేశపు అక్కకూ, ఆమె నదికీ పేరుపేరునా పెట్టింది.

తిరిగొచ్చిన మూడోనాడు పొద్దున్న మళ్లీ మంచు. ఏడూ ముప్పావుకు గ్యారేజీ షట్టర్ లేచిన చప్పుడైంది. లక్ష్మీబాయి రెండు గ్లాసుల్లో చాయ్ పోసుకుని వెళ్లింది. అర ఖాళీగా ఉంది. రాఘవ్ కార్లో కూర్చుని ఉన్నాడు. తల్లిని చూసి ఈసారి నోరు మూసుకోలేదు.

ఆమె అటువైపు తలుపు తీసి పక్క సీట్లో కూర్చుంది. ఒక గ్లాసు వాడికిచ్చింది.

"ఏమంటుండురా మీ బాపు?"

రాఘవ్ చాయ్ ఒక గుక్క తాగాడు. "ఇంజన్ ఇంక వేడెక్కలేదంటుండు. జల్ది లేదు, కూసోమంటుండు."

"అయితె కూసుందాం," అంది లక్ష్మీబాయి.