పెద్దాయన కాలేయం

చంద్రుడి మీద శశినగర్‌లో ఎవరైనా సరే, టిఫిన్ కంటే ముందు కమాను కింద నిలబడాల్సిందే. పచ్చదీపం వెలిగితే పనికి వెళ్ళొచ్చు. ఎర్రదీపమైతే పెట్టె సర్దుకుని భూమికి పోవాలి.

ఆ కమాను డాక్టర్ వకుళ కనిపెట్టింది. ఒంట్లోని నీటిలో ఉండే ప్రోటాన్లను అయస్కాంత క్షేత్రంలో పెట్టి, రేడియో తరంగంతో ఒక్క కుదుపు కుదిపితే, అవి మళ్ళీ సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ రిలాక్సేషన్ టైమ్‌కి వకుళ ‘కుదురుకాలం’ అని పేరు పెట్టింది. కాలేయం వాచినా, గట్టిపడినా ఆ కాలం సాగుతుంది. కోత లేకుండానే కణాల గుట్టు తెలిసిపోతుంది. ఇంత గొప్ప సాధనం ఈ ఊరి మొహాలకి ఇరుగుపొరుగు జబ్బుల మీద కబుర్లకే పనికొచ్చింది.

ఒకరోజు డైరెక్టర్ పురుషోత్తమరావుకి ఎర్రదీపం వెలిగింది.

“కమాను పాడైందమ్మా,” అన్నాడాయన. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం.

“పాడైంది మీ కాలేయం సార్. తాగుడు మానేసి, వెంటనే భూమికెళ్ళి వైద్యం చేయించుకుంటే నయమవుతుంది.”

“నేను పోతే ఊరేమైపోతుంది?”

ఊరికేమవుతుంది, కుర్చీ ఖాళీ అవుతుంది. వకుళకి కంపరమెత్తింది.

పురుషోత్తమరావు కమాను వైపు తిరిగాడు. “కమానూ! ఈ ఊరు కట్టినవాణ్ణి నేను. ఇకనుంచి నా కుదురుకాలమే ప్రమాణం.”

“చిత్తం. మార్చాను,” అంది కమాను.

మర్నాడు ఊరంతా ఎర్రదీపాలే. బాగుపడడానికి మూడు నెలలు గడువిచ్చారు. ఒక్కడైనా నోరెత్తాడా? సాయంత్రానికి బార్ల ముందు క్యూ కట్టారు! కాలేయం కాస్త వాచినవాడికి దండలు కూడా వేశారు.

“మీరూ రండి మేడమ్, ఆరోగ్యం కదా,” అన్నాడు ఇంజనీర్ సుధన్వ.

“ఛీ! మీకన్నా గొర్రెలు నయం.”

కానీ గడువు దగ్గరపడింది. తను వెళ్ళిపోతే జీవితమంతా ధారపోసిన కమాను ఆ తాగుబోతు పాలవుతుంది. ప్రమాణం మళ్ళీ మార్చేదాకానే అని తనకు తాను చెప్పుకుని, వకుళ ముక్కు మూసుకుని మొదటి గ్లాసు తాగింది. తర్వాత ముక్కు మూసుకోవడం మానేసింది.

గడువు చివరి రోజున పచ్చదీపం వెలిగింది. వకుళకి ప్రాణం లేచొచ్చింది.

ఆమె వెనకే నిలబడ్డ తోటపని రాజ్యలక్ష్మికి ఎర్రదీపం వచ్చింది. చుక్క ముట్టని మనిషి. ఏడుపు ఆపుకుంటూ వకుళ వైపు చూసింది.

వకుళ ఆమెను ఎగాదిగా చూసి, “ఏమ్మా, కాస్త ఒళ్ళు చూసుకోవద్దూ?” అంది.