తొందరపడిన సాక్ష్యం

మంచం మీంచి లేవడం కూడా ఒక పనేనని మేరీకుమారికి తన నడుముకి ఆపరేషన్ అయ్యాకే తెలిసింది. ముందు ఒళ్ళంతా ఒకేసారి, దుంగ దొర్లినట్టు, పక్కకి తిరగాలి. నడుం మెలిపడకూడదు. తర్వాత కాళ్ళు మంచం కిందికి వదిలి, మోచేతి మీద బరువు మోపి, మెల్లగా పైకి రావాలి. ఆసుపత్రిలో నర్సుగా ఇన్నేళ్ళలో ఈ విద్య ఎంతమందికి నేర్పిందో ఆమెకే తెలీదు. వాళ్ళకి చెప్పినప్పుడు రెండు ముక్కల్లో అయిపోయేది. ఇప్పుడు దుంగ తనే అయ్యేసరికి, సగం దొర్లి, అక్కడే ఆగి, గోడవంక చూస్తూ పడుకునే ఉంది.

వంటింట్లో నోయెల్ టీ పెడుతున్నాడు. కూతురు జెన్నిఫర్ సాక్సు కనబడక ఇల్లంతా వెతుకుతోంది. ఆ గల్ఫ్ దేశంలో, ఘుబ్రా పేటలో వాళ్ళ ఫ్లాటు కింద ఇండియన్ స్కూలు బస్సులు అప్పుడే హారన్లు కొడుతున్నాయి.

"మేరీ, లేచావా? దేవుని కృప, బాగుంది కదా?" అని నోయెల్ అక్కడినుంచే కేకేశాడు.

ఇదీ రోజూ అతను వేసే ప్రశ్న. ప్రశ్నలోనే జవాబు కూడా పెట్టి ఇచ్చేస్తాడు. ఆమె చెయ్యాల్సిందల్లా అవుననడమే.

"బాగానే ఉందండీ," అంది గోడతో.

నోయెల్ చెడ్డవాడు కాదు. ఆ మాట మొదటే చెప్పేసుకోవాలి, లేకపోతే ఈ కథ వింటున్నవాళ్ళు అతన్ని తిట్టుకుంటూ కూర్చుంటారు. అల్ హైల్‌లో ఒక వర్క్‌షాపు స్టోరులో పని చేస్తాడు. ముదీర్, అంటే అక్కడి మేనేజరు, ఎంత అరిచినా తలొంచుకుని పని చేసుకుపోయే మనిషి. మేరీ వార్డులో ఒక బరువైన పేషెంటుని వీల్‌ఛైర్‌లోకి దించుతుండగా నడుంలో డిస్కు జారి, నరం నలిగి, ఎడమకాలు ఈడ్చే స్థితికొస్తే, ఆమెను బాత్రూముకి తీసుకెళ్ళింది అతనే, తల దువ్వింది అతనే. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ థియేటర్ బయట కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసిందీ అతనే.

వచ్చిన చిక్కల్లా ఆ ప్రార్థన తర్వాతది.

వాళ్ళ తెలుగు క్రైస్తవ కుటుంబాలు కొన్ని కలిసి ప్రతి శుక్రవారం ఎవరో ఒకరింట్లో కూడిక పెట్టుకుంటాయి. పాటలు, వాక్యం అయ్యాక, దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు. మేరీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసిందో లేదో, ఆ వారమే నోయెల్ కూడికలో నిలబడి, "నా భార్యను ప్రభువు సంపూర్ణంగా స్వస్థపరిచాడు, ఇంట్లో నడుస్తోంది, వంట చేసుకుంటోంది," అని చెప్పేశాడు. అందరూ హల్లెలూయా అన్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

నిజానికి ఆ రోజు మేరీ చేసిన వంట గుడ్లు ఉడకబెట్టడం. దానికే తర్వాత మధ్యాహ్నమంతా మంచం దిగలేదు.

అప్పటిదాకా సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు కూర గిన్నెతో తలుపు తట్టేవారు. సాక్ష్యం తర్వాత గిన్నెలు ఆగిపోయాయి. ఫోన్లు మాత్రం వచ్చేవి, అదీ దేవుణ్ణి స్తుతించడానికి. ఎలా ఉందని అడిగినవాళ్ళు లేరు. ఎలా ఉందో అందరికీ ముందే తెలుసు మరి. ఇంట్లో కూడా అదే తంతు. మేరీ ఎప్పుడైనా నొప్పని నోరు తెరిస్తే నోయెల్ ముఖం మాడిపోయేది. అలా అనకు మేరీ, మనం సాక్ష్యం చెప్పుకున్నాం అనేవాడు. డాక్టరేమో నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది, వంగొద్దు, బరువులెత్తొద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు అన్నాడు. ఎడమ పాదం ఇంకా మొద్దుగానే ఉంది. చెప్పు జారిపోయినా తెలియడం లేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు నొప్పి ఉంటుందని ఒప్పుకున్నాడు, ఇంట్లోవాళ్ళే ఒప్పుకోలేదు. నొప్పికన్నా దాన్ని దాచుకోవడమే ఎక్కువ అలసటగా ఉండేది ఆమెకి.

ఆ పొద్దున సాక్సు దొరికాక జెన్నిఫర్ జడ వేయించుకోవడానికి వచ్చింది. మంచం పక్కన నేలమీద కూర్చుంటే అమ్మ వంగాలి కదా అని తనే స్టూలు తెచ్చుకుంది. పిల్లకి పద్నాలుగేళ్ళు. చూడాల్సినవన్నీ చూస్తూనే ఉంటుంది, కానీ వాళ్ళ నాన్న మాట దానికి వేదం. జడ సగంలో ఉండగా దువ్వెన జారి కింద పడింది. మేరీ దానివంక చూసిందే కానీ కదల్లేదు. జెన్నిఫరే తీసిచ్చి, అద్దంలోంచి తల్లిని చూస్తూ అడిగింది.

"మమ్మీ, కూడికలో సువార్త ఆంటీ అడిగింది, మీ మమ్మీ డ్యూటీకి ఎప్పుడు వెళ్తుందని. నయమైపోయిందిగా అంది. నాకేం చెప్పాలో తెలీలేదు."

"ఇంకా సిక్ లీవ్ ఉందని చెప్పాల్సింది."

"చెప్పాను." పిల్ల ఒళ్ళోని రిబ్బను వేలికి చుట్టుకుంది. "నువ్వు నిజంగా నమ్మట్లేదా మమ్మీ? అందుకేనా తగ్గట్లేదు?"

మేరీ చేతిలో జడ పాయలు అలాగే ఉండిపోయాయి. పిల్ల గొంతులో ఎత్తిపొడుపు లేదు, భయముంది. తల్లికి నయం కాకపోవడానికి కారణం తల్లి విశ్వాసంలోనే ఏదో లోపమని కన్నకూతురు లోలోపల కుమిలిపోతోందన్నమాట. ఇన్నాళ్ళూ బాగుంది బాగుంది అంటూ తను ఎవర్ని కాపాడుకొచ్చిందో ఆ పిల్లకే ఆ మాట గుచ్చుకుంటోంది.

"బస్సు పోతుంది, వెళ్ళమ్మా," అని మాత్రం అనగలిగింది. అది వెళ్ళాక చాలాసేపు ఏడ్చింది. ఏడిస్తే నడుం అదురుతుంది, అదిరితే నొప్పి, నొప్పికి మళ్ళీ ఏడుపు. ఆఖరికి ఓపిక అయిపోయి ఊరుకుంది.

గురువారం సాయంత్రం నోయెల్ రెండు చేతులా సంచులతో ఇంటికొచ్చాడు. చికెన్, బియ్యం, పెరుగు, ఎవరింట్లోంచో అడిగి తెచ్చిన పెద్ద డేక్షా. రేపటి కూడిక వాళ్ళింట్లోనే. మేరీ ఆరోగ్యం కోసం కృతజ్ఞతా కూడిక. వంటలు తలా ఒకటి తెస్తామని అక్కచెల్లెళ్ళు అన్నారట, అక్కర్లేదు, మేరీయే చేస్తుందని ఇతను చెప్పాడట. ఆ సంగతి ఎంతో సంతోషంగా చెప్పి, డేక్షా స్టవ్ మీద పెట్టాడు.

మేరీ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. "నావల్ల కాదండీ," అంది.

దానికేముంది, కూర్చుని చెబుతూ ఉండు, కోయడం కలపడం నేను చూసుకుంటా అన్నాడతను. ఆమె లేచి సాక్ష్యం చెబితే చాలట, అందరూ దానికోసమే వస్తున్నారట.

"వంట సంగతి కాదు. ఆ సాక్ష్యమే నావల్ల కాదు."

నోయెల్ చేతిలోని ఉల్లిపాయల సంచి గట్టు మీద పెట్టాడు. "అంటే నేను అబద్ధం చెప్పాననా?"

"అబద్ధమని నేననలేదు. ముందే చెప్పేశారంటున్నా. నడుం నాది. సాక్ష్యం మీరు చెప్పారు. చెప్పబోయే ముందు, ఎలా ఉంది మేరీ అని నన్నొక్క మాటడిగారా?"

"రోజూ అడుగుతున్నా కదా."

"మీరు అడగట్లేదండీ, నాచేత అనిపించుకుంటున్నారు." ఆమె గొంతు పెద్దది కాలేదు. అంత ఓపిక లేదు. "నాకు విశ్వాసం లేక తగ్గట్లేదా అని పిల్ల అడిగింది. మీ కూతురు. నన్ను."

నోయెల్‌కి ఆ మాట తగిలిందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. అందర్నీ పిలిచేశానన్నాడు. ఇప్పుడు కాదంటే కూడిక పెద్ద గురవయ్యగారి ముందు నా ముఖం ఎక్కడ పెట్టుకోనన్నాడు. "రేపొక్కరోజు మేరీ. లేచి నిలబడి రెండు మాటలు. ఆ తర్వాత నీ ఇష్టం." ఆమె గోడ పట్టుకుంటూ వెళ్ళి పడుకుంది. నోయెల్ ఒక్కడే ఉల్లిపాయలు తరిగాడు. మధ్యలో చాలాసేపు కత్తి చప్పుడు ఆగిపోయింది. తర్వాత మళ్ళీ మొదలైంది.

శుక్రవారం ఉదయానికి హాలు నిండిపోయింది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు తివాచీ మీద కూర్చున్నారు. నడుం బెల్టు చీరకింద బిగించుకుని మేరీ ఒక్కతే కుర్చీలో కూర్చుంది. అందరూ ఆమె వంక నవ్వుతూ చూశారు. సువార్తమ్మ అయితే, "ఎంత తేటగా ఉన్నావు వదినా," అని బుగ్గలు పుణికింది. పాటలయ్యాయి. కూడిక పెద్ద గురవయ్యగారు వాక్యం చెప్పారు. చెప్పడం ఎక్కువే చెప్పారు. అప్పటికే మేరీ నడుంలో మంట మొదలై ఎడమ తొడమీదుగా కిందికి దిగుతోంది.

"అమ్మా మేరీ, లేచి నీ సాక్ష్యం చెప్పుకో తల్లీ," అన్నారాయన.

మేరీ కుర్చీ చేతులు పట్టుకుంది. సాక్ష్యం కూర్చుని చెప్పే అలవాటు వాళ్ళలో లేదు. లేవబోయింది. ఎడమ పాదం నేలకి ఆనిందో లేదో తెలియలేదు. సగం లేచి, అలాగే ఆగిపోయింది. పైపెదవి మీద చెమట పట్టింది. పెదవులు మాత్రం నవ్వుతున్నాయి, అలవాటు కొద్దీ. ఎదురుగా ఆడవాళ్ళ మధ్య కూర్చున్న జెన్నిఫర్ ఆ నవ్వుని చూడలేక తల దించుకుంది.

నోయెల్ భార్యని చూశాడు, కూతుర్ని చూశాడు. గబుక్కున లేచాడు.

"కూర్చో మేరీ," అన్నాడు. "అన్నా, ఆమెకంటే ముందు నేను చెప్పాల్సిందుంది."

గురవయ్యగారు తలూపారు. నోయెల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అసలే మాటకారి కాడు.

"థియేటర్ బయట కూర్చున్నప్పుడు ప్రభువుకి మాటిచ్చానండీ. ఆమె నడిచి ఇంటికొస్తే అందరిలో సాక్ష్యం చెబుతానని. వచ్చింది. ఆలస్యం చేస్తే ఇచ్చింది మళ్ళీ తీసేసుకుంటాడేమోనని భయమేసింది. అందుకే అంతా అయిపోయిందని చెప్పేశా. తర్వాత ఆమె నొప్పి అంటే చాలు, ఆపరేషన్ పాడైందేమో, నా మాట పోయిందేమోనని హడలిపోయేవాణ్ణి. ఆ మాట అననివ్వలేదు. ఇంట్లో ఆ నొప్పి ఆమె ఒక్కతే మోసుకుంది." భార్య వంక తిరిగాడు. "నడుస్తోంది, అది నిజం. కానీ ఆమెకింకా నొప్పిగా ఉంది. చాలా నొప్పిగా ఉంది. మీరు ఆమె కోసం ప్రార్థన చెయ్యాలి."

ఆమెకింకా నొప్పిగా ఉంది. ఆ మాట భర్త నోట విన్న మేరీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆమె దేనికోసం ఎదురుచూసిందో అది ఆ ఒక్క మాటే. దాన్ని వినడానికి ఎంత అలసిపోయిందో కూడా అప్పుడే తెలిసొచ్చింది.

ముందుగా కదిలింది సువార్తమ్మ. మోకాళ్ళ మీదే జరుగుతూ వచ్చి కుర్చీ పట్టుకుంది. "ఎంత పనైపోయింది వదినా. కూర పట్టుకొస్తే మీ ఆయన సాక్ష్యం నమ్మనట్టు అవుద్దేమోనని మానేశా. రెండుసార్లు వండి కూడా తేలేదు," అని ఏడ్చేసింది. ఇంకో ఇద్దరు కూడా తలలు దించుకున్నారు. అదే భయంతో అన్నన్ని ఇళ్ళల్లో అన్నన్ని గిన్నెలు గడప దాటకుండా ఉండిపోయాయన్నమాట.

గురవయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మొదలైన మేలుకి కూడా కృతజ్ఞత చెప్పొచ్చు తమ్ముడూ. పూర్తయిందని చెప్పాల్సిన పని లేదు," అన్నారు. అందరూ మోకరించారు. నోయెల్ మోకరించలేదు. వచ్చి భార్య కుర్చీ వెనక నిలబడి, ప్రార్థన అయ్యేదాకా ఆమె భుజం మీద చెయ్యి తీయలేదు.

భోజనాల సందడి మొదలవగానే ఆడవాళ్ళు మేరీని గదిలోకి తీసుకెళ్ళి పడుకోబెట్టారు. బిర్యానీలో ఉప్పు కాస్త ఎక్కువైందని హాల్లో ఎవరో నోయెల్‌ని ఆటపట్టిస్తున్నారు. కాసేపటికి అతను పళ్ళెం పట్టుకుని లోపలికొచ్చాడు. వెనకాలే జెన్నిఫర్. వాళ్ళని చూసి మేరీ ఇటు తిరగబోయింది.

"అబ్బా..." అంది. వెంటనే, "ఏం లేదండీ, ఏం లేదు," అని సర్దుకోబోయింది.

నోయెల్ పళ్ళెం పక్కన పెట్టి మంచం అంచున కూర్చున్నాడు. "ఎక్కడ?" అని అడిగాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుని నడుం మీద పెట్టింది. ఇక్కడ మొదలవుతుంది, ఇలా తొడ వెనకనుంచి వస్తుంది, పొద్దున పూట ఎక్కువ అని చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళదీ చెప్పాల్సింది చాలా ఉంది. అతను మధ్యలో అడ్డు రాలేదు. జెన్నిఫర్ కాళ్ళదగ్గర కూర్చుని, తల్లి ఎడమ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని బొటనవేలు నొక్కింది.

"ఇది తెలుస్తోందా మమ్మీ?"

"లేదమ్మా," అంది మేరీకుమారి, కళ్ళనీళ్ళు చెవుల్లోకి జారుతుంటే. "ఇంకా తెలియట్లేదు."

సరే మమ్మీ అని పిల్ల ఆ పాదాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది.