రెండు వంటిళ్ల కుక్క

ఒకే కప్పు కింద రెండు వంటిళ్లున్న ఇల్లది. కింద మామగారు తెత్సుజో, పైన కొడుకూ కోడలు చిహారూ. రెండు గుమ్మాలు, రెండు పొయ్యిలు. రెండు చోట్లకీ అడగకుండా వెళ్లగలిగేది గొన్ ఒక్కడే. నలభై అయిదు కిలోల అకితా జాతి కుక్క. పోయినేడు కన్నుమూసిన అత్తగారు కన్నబిడ్డలా పెంచింది.

ఆ పొద్దున కూడా చిహారు ఆరింటికే రెండు కప్పుల తిండి కొలిచి గొన్ గిన్నెలో పోసింది. ఇంత పెద్ద కుక్కకి తిండి ఎంత ముఖ్యమో, తిన్నాక కదలకుండా ఉండటమూ అంతే ముఖ్యమని ఆమె పట్టుదల. గొన్ తినేసి మెట్లు దిగుతుంటే వెనకనుంచి కేకేసింది.

"ఎనిమిదయ్యేదాకా నడకకి వద్దు మామయ్యా! ఇంకేమీ పెట్టకండి కూడా!"

"సరేలే అమ్మాయ్. రోజూ చెప్పకపోతే నీకు తెల్లవారదా?"

ఏడున్నరకి కింద నుంచి మామగారి అరుపు వినిపించింది. చిహారు చెప్పులు కూడా లేకుండా మంచులోకి పరిగెత్తింది. గొన్ మెడ చాచి కక్కబోతున్నాడు, నురగ తప్ప ఏమీ రావడం లేదు. పొట్ట డోలులా బిగిసింది. భర్త అప్పటికే పనికెళ్లాడు; ఇద్దరే దుప్పటి చెరో కొసా పట్టి కారెక్కించారు. దారి పొడుగునా గొన్ తల మామగారి ఒళ్లోనే ఉంది.

ఎక్స్‌రే చూసిన పశువుల డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "కడుపు మెలిపడింది. ఇప్పుడే కోయాలి. ఎన్నింటికి తిన్నాడు?"

"ఆరింటికి. రెండు కప్పులు," అంది చిహారు.

"ఈ ఎక్స్‌రేలో అంతకు మూడింతలుంది. నిజం చెప్పండి, మత్తివ్వాలి."

మామగారు నేల చూశారు. "ఏడింటికి నేను పెట్టాను. అన్నం, చేప ముక్క, సూపు. తర్వాత ఏటిగట్టు దాకా తిప్పాను."

లోపలి తలుపు మూసుకుంది. చిహారు ఇక ఆగలేకపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రోజూ."

"రోజూనా! అత్తయ్య మనకి వదిలి వెళ్లిన ప్రాణం మామయ్యా! మీ చేతులతో మీరే..."

ప్రతిదానికీ ఎదురు చెప్పే మామగారు ఈసారి ఒప్పుకున్నట్టు తలాడించారు.

"మీ అత్తయ్య పోయాక ముద్ద దిగేది కాదమ్మాయ్. ఎదురుగా ఎవరైనా తింటుంటే దిగేది. నువ్వు పెట్టావని తెలుసు. కానీ రమ్మంటే వచ్చేవాడు వాడొక్కడే."

చిహారుకి తన అలవాటు గుర్తొచ్చింది. కింద గిన్నెల చప్పుడు రోజూ వినేది. పెద్దాయన్ని ఇబ్బంది పెట్టకూడదని కూరలు డబ్బాలో సర్ది మెట్టు మీద పెట్టి, గంట కొట్టి పైకొచ్చేసేది. అదే మర్యాద అనుకుంది. తినే వేళకి ఒక్కసారైనా దిగి చూడలేదు. పక్క కుర్చీలో ఉన్న మామగారి చేతుల మీద తన చెయ్యి వేసింది. గడియారం ముల్లు కదిలినట్టే లేదు.

రెండున్నర గంటలకి డాక్టరమ్మ బయటికొచ్చింది. "బతికాడు. మూడు రోజులు ఇక్కడే ఉండాలి. ఇకమీదట రోజుకి నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా పెట్టండి. ఎవరేం పెట్టారో ఇద్దరికీ తెలియాలి."

మామగారు నడుం వంచి దణ్ణం పెట్టారు. ఎంతకీ నిటారు కాకపోతే చిహారు భుజాలు పట్టి లేపింది. ఇద్దరూ ఏడుస్తున్నారు.

ఇంటికొచ్చాక ఆయన తన గుమ్మంలోకి నడిచారు. చిహారు పైకెక్కలేదు, ఆయన వెనకే లోపలికెళ్లింది. పొట్టి బల్లకి ఒకవైపు ఆయన గిన్నె, ఎదురుగా అత్తగారు కూర్చునే మెత్త, దాని పక్కన గొన్ ఖాళీ గిన్నె. చిహారు ఆ మెత్త మీద కూర్చుంది.

"ఆకలేస్తోంది మామయ్యా."

ఆయన కుక్కర్ మూత తీశారు. గరిటె అందుకున్నారు.

"కొలిచి పెట్టనా?" అన్నారు.

ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"నాకు కొలతల్లేవు. నిండా పెట్టండి."