నలభై మూడో నంబరు చెప్పులు

జూన్ ముప్పయ్యో తేదీ ఉదయం ఆరున్నరకు నూనో తన ఇంటిచెప్పులను పెట్టెలో పెట్టి జిప్పు లాగాడు.

ఊరు దౌగవ్‌పిల్స్. దేశం లాత్వియాయే గాని ఊళ్ళో మాటా తిట్టూ రష్యన్‌లోనే నడుస్తాయి. ఇల్లు రాయా బామ్మది. నూనో పోర్చుగల్ నుంచి వాలంటీరుగా వచ్చి ఆ ఇంట్లో ఒక గదిలో ఉంటున్నాడు. వయసు ఇరవై నాలుగు, చేతిలో ఉన్న విద్య ఎలక్ట్రీషియన్ పని. గడువు తీరింది. తొమ్మిది గంటల బస్సులో రీగా వెళ్ళి, అక్కణ్ణుంచి విమానం ఎక్కాలి.

రాయా బామ్మ మనవరాలు జ్లాతా ట్రాం డ్రైవరు. డ్యూటీకి తయారై గదిలోంచి వచ్చింది. హాల్లో అద్దం కింద చెప్పుల అర ఉంటుంది. ఆమె చూపు దాని మీద పడి ఆగింది.

"సర్దేశావా?"

"మొత్తం సర్దేశాను. ఒక్క వస్తువు కూడా వదల్లేదు," అన్నాడు నూనో. మెచ్చుకుంటుందనుకున్నాడు.

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా."

జ్లాతా బూట్లు వేసుకుంది. లేసు కట్టి, విప్పి, మళ్ళీ కట్టింది. తలుపు లాగి వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానని కూడా అనలేదు.

నూనో దగ్గర ఒక వాక్యం ఉంది. వారం రోజులుగా బట్టీ పడుతున్నాడు. అది గొంతులోనే ఉండిపోయింది.

"ఏమైంది బామ్మా?"

"నన్నడక్కు నాయనా," అంది రాయా బామ్మ. ఆమె కూడా అర వైపే చూస్తోంది.

*

వాళ్ళ మొదటి తగువు ఆ గడప దగ్గరే జరిగింది. కిందటి సెప్టెంబరులో నూనో వానలో తడుస్తూ వచ్చి తలుపు కొట్టాడు. తీసింది జ్లాతా. అతను బయట నిలబడే చెయ్యి చాపాడు. ఆమె తన చేతుల్ని వెనక్కి పెట్టుకుంది.

"గడప మీద చేతులు కలిపితే తగువొస్తుంది. లోపలికి వచ్చి కలుపు."

నూనో రెండడుగులు లోపలికి వేశాడు.

"బూట్లు! బూట్లతో తివాచీ మీదికి వస్తావా? అమ్మమ్మా, వీడు బూట్లతో వచ్చేశాడే!"

"మరి చెయ్యి..."

"ఇంకేం చెయ్యి? తగువు ఎలాగూ వచ్చేసిందిగా."

ఆ రోజు అతనికి ఇంట్లో వేసుకు తిరగడానికి అతిథుల చెప్పులు ఇచ్చారు. ఆ ఇంట్లో అతిథులకి ఒక పెట్టె నిండా చెప్పులుంటాయి, నూనో కాలికి సరిపోయేది ఒక్కటీ లేదు. మడమలు నేల మీద ఆనించుకుని రెండు నెలలు తిరిగాడు.

అతన్ని రప్పించిన సంస్థ లక్ష్యం యువతలో చైతన్యం తేవడం. సమన్వయకర్త పేరు గెన్నాది. వాలంటీర్లందరికీ మూడు రోజులు శిక్షణ ఇచ్చాడు. పరాయి సంస్కృతిని గౌరవించడం ఎలా అన్నది అంశం. మూడు రోజులూ బెలూన్లు ఊదించాడు.

యువజన కేంద్రంలో నూనో పోర్చుగీసు భాషా క్లబ్బు పెట్టాడు. యువత రాలేదు. పెన్షన్ తీసుకునే ముసలమ్మలు ఏడుగురు వచ్చారు. కేంద్రంలో హీటర్లు బాగా పనిచేస్తాయి.

గెన్నాది ఫోటోలు తీయడానికి వచ్చి తల పట్టుకున్నాడు. కాసేపు ఆలోచించి, "అందరూ కోటు టోపీలు తల మీదికి లాక్కోండి. అటు తిరగండి. వెనక నుంచి తీస్తాను," అన్నాడు.

"ఎందుకయ్యా?" అంది క్లావా అత్త. క్లబ్బులో చేరిన మొదటి మనిషి ఆవిడే.

"వెనక నుంచి అందరూ యువతే."

ఆ ఫోటోలకి పై ఆఫీసు నుంచి ప్రశంస వచ్చింది.

అసలు పని వేరే చోట జరిగింది. క్లావా అత్త కెటిల్‌ని నూనో బాగుచేశాడు. తర్వాత ఆవిడ పక్కింటి ఇస్త్రీపెట్టె, పై ఇంటి స్విచ్చిబోర్డు. ఇది సంస్థ లక్ష్యాల్లో లేదు, ఎవరికీ చెప్పొద్దని గెన్నాది హెచ్చరించాడు. చెబుతూనే తన కారు హారన్ కూడా చూడమన్నాడు.

నవంబరులో ఒక రోజు నూనో టోపీ లేకుండా ట్రాం ఎక్కాడు. మంచు పడుతోంది. స్పీకరులో జ్లాతా గొంతు వినబడింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మధ్య తలుపు దగ్గర ఒక పోర్చుగల్ నిలబడింది. తల మీద టోపీ లేదు. పెద్దలు చూసుకోగలరు."

పెద్దలు చూసుకున్నారు. ఆరు స్టాపులు తిట్టారు. దిగేసరికి అతని తల మీద ఎవరిదో ఊలు శాలువా ఉంది.

ఆ రాత్రి హాల్లో అద్దం కింద కొత్త చెప్పులు కనిపించాయి. నీలం గళ్ళవి, ఉన్నివి, నలభై మూడో నంబరు. రాయా బామ్మ చెప్పులకీ జ్లాతా చెప్పులకీ మధ్య ఉన్నాయి.

"ఎవరివి?"

"నీవే," అంది జ్లాతా, పొయ్యి మీద గిన్నె కలుపుతూ. "అమ్మమ్మ సంతలో కొంది. నీ మడమల్ని చూడలేక."

చెప్పులు సరిగ్గా సరిపోయాయి. ఎలా సరిపోయాయని నూనో అడగలేదు.

ఏప్రిల్లో వానలు మొదలయ్యాయి. లైను చివరి స్టాపులో ట్రాం పది నిమిషాలు ఆగుతుంది. నూనో ఫ్లాస్కులో టీ తీసుకుని వెళ్ళేవాడు.

"డ్రైవరు క్యాబిన్లోకి బయటివాళ్ళు రాకూడదు," అనేది జ్లాతా, తలుపు తీసి పట్టుకుని.

"నేను బయటివాణ్ణా?"

"టీ ఎవరిదైనా పర్లేదు. నీ సంగతి ఆలోచించాలి."

"ఎన్నాళ్ళు ఆలోచిస్తావు?"

"చక్కెర ఎంత వేశావో చూసి చెబుతాను."

అద్దం మీద వాన జారుతుంటే ఇద్దరూ ఒకే కప్పులో తాగారు. ఫ్లాస్కుకి మూత ఒకటే ఉంది. నూనో నోరు తెరిచి, "జ్లాతా, నేను..." అన్నాడు. వైర్‌లెస్‌లో కంట్రోల్ రూం డిస్పాచరు అరిచింది: "ఒకటో నంబరు, నిద్రపోతున్నావా?" జ్లాతా బండి కదిలించింది. ఆ వాక్యం అప్పటి నుంచీ బాకీ ఉంది.

*

ప్రయాణానికి ముందు అందరూ కాసేపు మాట్లాడకుండా కూర్చోవాలి. ఆ ఇంటి పద్ధతి అది. రాయా బామ్మ స్టూలు మీద కూర్చుంది. నూనో పెట్టె మీద కూర్చున్నాడు. గెన్నాది ఫోటో కోసం బ్యానరు పట్టుకుని వచ్చాడు.

"కాస్త నవ్వండి," అన్నాడు.

"ఇప్పుడు నవ్వకూడదు. నోరు మూసుకుని కూర్చో," అంది రాయా బామ్మ.

"అయితే వెనక నుంచి తీస్తాను."

తీశాడు. బస్‌స్టేషన్ దాకా కారులో దింపలేనన్నాడు. వెనక సీటు నిండా బ్యానర్లున్నాయి.

నూనో ఒకటో నంబరు ట్రాం ఎక్కాడు. క్యాబిన్లో జ్లాతా ఉంది. తల తిప్పలేదు. స్పీకరులో స్టాపుల పేర్లు వచ్చాయి. పేర్లే వచ్చాయి.

"దీనికి ఒంట్లో బాలేదా?" అంది క్లావా అత్త. సంత సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "ఏరా పోర్చుగల్, పోతున్నావా? ఇక నా కెటిల్‌కి దిక్కెవరు?"

"కొత్త వాలంటీరు వస్తాడు అత్తా."

"ఆఁ, వచ్చి బెలూన్లు ఊదుతాడు."

"అత్తా, జ్లాతాకి కోపం వచ్చింది. ఎందుకో తెలీడం లేదు."

"ఏం చేశావు?"

"ఏమీ చేయలేదు. సామాను సర్దుకున్నాను."

"ఏమేం సర్దావు?"

"బట్టలు. ఛార్జరు. మీరిచ్చిన జామ్ సీసా. చెప్పులు."

"ఏ చెప్పులు?"

"ఇంటివి. నీలం గళ్ళవి."

క్లావా అత్త సంచి కింద పెట్టింది. ముందు సీట్లో ఒకాయన చదువుతున్న పేపరు మడిచాడు.

"విన్నారా? ఇంటిచెప్పులు పెట్టెలో పెట్టుకున్నాడట," అంది ఆవిడ అందరితో.

"అయ్యో తల్లీ," అంది వెనక నుంచి ఒకావిడ. "మా అల్లుడూ అంతే చేశాడు. మళ్ళీ మొహం చూపిస్తే ఒట్టు."

"బహుమతిగా ఇచ్చారు," అన్నాడు నూనో. "వదిలేసి పోతే మర్యాద కాదని..."

"ఒరేయ్ నాయనా. మగాడి చెప్పులు అరలో ఉంటే ఊరెళ్ళాడని. అరలో లేకపోతే పోయాడని," అంది క్లావా అత్త.

"నాకెవరూ చెప్పలేదు!"

"ఇది చెప్పే సంగతా? పొద్దు తూర్పున పొడుస్తుందని నీకెవరు చెప్పారు?"

"శిక్షణలో చెప్పుండాలి కదా," అన్నాడు పేపరాయన.

"శిక్షణలో బెలూన్లు ఊదించారు."

నూనో లేచి క్యాబిన్ అద్దం మీద కొట్టాడు. జ్లాతా వెనక్కి చూడకుండానే అద్దం మీద అంటించిన కాగితం మీద వేలు పెట్టింది. నడిచే బండిలో డ్రైవరుతో మాట్లాడరాదు అని ఉంది దాని మీద.

"చెప్పుల సంగతి నాకు తెలీదు!" అని అరిచాడు.

ఆమె గంట మోగించింది. పట్టాల మీద అడ్డం ఎవరూ లేరు.

"బస్‌స్టేషన్," అంది స్పీకరు.

పెట్టెతో సహా నూనో దిగాడు. ట్రాం ముందుకు పోయింది. ఎనిమిది గంటల యాభై నిమిషాలైంది. రీగా బస్సు తలుపు తీసుకుని నిలబడి ఉంది.

నూనో రోడ్డు దాటి ఎదురు ట్రాం కోసం నిలబడ్డాడు.

*

"వెనక్కి వచ్చావా?" రాయా బామ్మ తలుపు తీసి అడ్డంగా నిలబడింది. "బయలుదేరి వెనక్కి రావడం అరిష్టం. విరుగుడుకి ముందు అద్దంలో చూసుకో."

చూసుకున్నాడు.

"నాలుక చాపు."

చాపాడు. తర్వాత అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె తెరిచాడు. పైన జామ్ సీసా, దాని కింద చొక్కాలు, అన్నిటికీ అడుగున చెప్పులు. తీసి అరలో పెట్టాడు.

"బామ్మా, మీరిచ్చిన చెప్పుల్ని..."

"నేనెక్కడిచ్చాను? నీ కాలి కొలత నాకేం తెలుసు? నువ్వు నిద్రపోతుంటే జ్లాతాయే నీ బూటు కింద కాగితం పెట్టి గీసుకుంది. సంతలో మూడు దుకాణాలు తిప్పింది నన్ను. పచ్చవి వద్దంది, గోధుమవి ముసలాళ్ళవంది."

నూనో ఒక చెప్పు తీసి, అడుగున నంబరు చూసి, మళ్ళీ అరలో పెట్టాడు.

"ఇప్పుడేం చేస్తావు? అరలో పెట్టేసి బస్సెక్కుతావా?"

"బస్సు పోయి ఉంటుంది."

"రేపు ఇంకోటుంది. నేనడిగేది బస్సు గురించి కాదు."

"నాకు వెళ్ళాలని లేదు బామ్మా."

"ఈ మాట నాకెందుకు చెబుతావు? నేను ట్రాం నడపను." రాయా బామ్మ వంటగదిలోకి దారి తీసింది. "బూట్లు విప్పు. చెప్పులు వేసుకో. నేల చల్లగా ఉంది. ఆ కెటిల్ సంగతి చూడు, పొద్దుటి నుంచి వేడెక్కడం లేదు."

రాయా బామ్మ ద్వారా సంగతి తెలిసి మధ్యాహ్నం క్లావా అత్త ఫోను చేసింది. ట్రాం డిపోలో ఎలక్ట్రీషియన్ లేక ఆర్నెల్లుగా అవస్థ పడుతున్నారని, ఆవిడ తమ్ముడు అక్కడ ఫోర్‌మన్ అని, సోమవారం రమ్మన్నాడని చెప్పింది. ఇంకో పని కూడా చెప్పింది. డిపోలో హీటర్లు ఎలా ఉంటాయో చూసి రమ్మంది, క్లబ్బు అక్కడికి మార్చుకోవచ్చు.

జ్లాతా డ్యూటీ రెండింటికి అయిపోతుంది. నూనో పెట్టే బూట్లూ తన గదిలో పెట్టేసి, వంటగదిలో కెటిల్ అడుగు విప్పి, స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నాడు. తాళం చెవి తిరిగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. రెండడుగులు పడ్డాయి. చెప్పుల అర దగ్గర ఆగిపోయాయి.

నూనో తన కాళ్ళ వంక చూసుకున్నాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. అరలో లేవు.

"అమ్మమ్మా," అంది జ్లాతా హాల్లోంచి. గొంతు స్టాపుల పేర్లు చెప్పినట్టే ఉంది. "ఇక్కడ మధ్యలో ఖాళీ ఉంది. నీ గొడుగు పెట్టుకో."

"నా గొడుగుకి చోటుందే. నువ్విలా రా, కెటిల్ పాడైంది."

"పడెయ్యి. ఇక బాగుచేసేవాళ్ళెవరున్నారు?"

"జ్లాతా," అన్నాడు నూనో.

 హాల్లోంచి అడుగులు పరుగులాగా వచ్చాయి. జ్లాతా వంటగది గుమ్మంలో ఆగి, అతని మొహం కంటే ముందు కాళ్ళ వంక చూసింది.

"బస్సు?"

"పోయింది."

"మరి నువ్వు?"

"వెనక్కి వచ్చాను. అద్దంలో చూసుకున్నాను. నాలుక కూడా చాపాను."

"నాలుక చాపడానికి వచ్చావా ఇంత దూరం?"

నూనో లేచాడు. బట్టీపట్టిన వాక్యంలో సగం మరిచిపోయాడు. గుర్తున్నంత వరకు చెప్పాడు.

"నువ్వంటే ఇష్టం. నాకు వెళ్ళాలని లేదు."

"ఏప్రిల్లో చెప్పాల్సింది."

"ఏప్రిల్లో డిస్పాచరు చెప్పనివ్వలేదు."

జ్లాతా గుమ్మం దాటింది. చెయ్యి చాపింది. అతను పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు.

రాయా బామ్మ కిందికి చూసింది. హాల్లో తివాచీ మీద నుంచి వంటగది దాకా బూటు మరకలున్నాయి. జ్లాతా బూట్లు విప్పలేదు.

రాయా బామ్మ తడిగుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది.