మూడో ప్రూఫు

ప్రూఫులు దిద్దే అమ్మాయికి కోపం ముక్కు మీదే ఉంటుందని ప్రెస్సులో అందరికీ తెలుసు. బోటనీ లెక్చరరుకి మాత్రం ఎవరూ చెప్పలేదు, పాపం. తన పాఠ్యపుస్తకం మొదటి ప్రూఫు పట్టుకుని తిన్నగా ఆమె బల్ల దగ్గరికి వచ్చి, కాక్టస్‌కి బహువచనంగా 'కాక్టై' అని శుభ్రంగా రాసినదాన్ని 'కాక్టసెస్' అని ఎందుకు మార్చారని నిలదీశాడు. లాటిన్ నుంచి వచ్చిన మాటకి లాటిన్ బహువచనమే అందమట.

"మీ క్లాసులో లాటిన్ మాట్లాడేవాళ్లు ఎంతమంది ఉన్నారండీ?" అని అడిగిందామె, తలెత్తకుండానే.

అతను పకపకా నవ్వేశాడు. ఓడిపోయి అంత హాయిగా నవ్వే మగవాణ్ణి ఆమె అంతవరకూ చూడలేదు. తలెత్తి చూసింది. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని రాజీ జాబితా ఒకటి రాసుకున్నారు. ఆల్గే, ఫంగై, స్ట్రాటా అతని మాట ప్రకారం. కాక్టసెస్, ఫార్ములాస్ ఆమె మాట ప్రకారం. గంటలో అయ్యే పనికి మూడు గంటలు పట్టింది. బయట వాన వెలిసినా ఇంకా పడుతోందనే ఇద్దరూ అనుకున్నారు.

ప్రెస్సు ఆమె బాబాయిది. ఆయనకో పట్టింపు: ఏ పుస్తకానికైనా రెండే ప్రూఫులు. మూడోది తీయాల్సి వచ్చిందంటే దిద్దినవాళ్లకి పని రానట్టే. సొంత అన్న కూతురైనా సరే, బల్ల మీంచి లేవాల్సిందే. ఆ బల్లంటే ఆమెకి ప్రాణం.

అలాంటిది, లెక్చరరు తిప్పి పంపిన రెండో ప్రూఫు చూసేసరికి ఆమెకి కళ్లు తిరిగాయి. ఆల్గే కొట్టేసి ఆల్గాస్, స్ట్రాటా కొట్టేసి స్ట్రాటమ్స్, ఇలా పేజీకి నాలుగు. లాటిన్ కోసం కొట్లాడిన మనిషికి ఇదేం బుద్ధి? అడుగుదామనుకునేలోపే బాబాయి చూడనే చూశాడు. రచయితే ఇన్ని దిద్దుకోవాల్సి వస్తే నువ్వేం చదివినట్టని, బల్ల ఖాళీ చెయ్యమన్నాడు.

తప్పు అతనిదని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట ఆమె నోట రాలేదు. పెన్నులు సర్దుకుంటుంటే లెక్చరరే గుమ్మంలోకి వచ్చాడు. సంగతి విని పాలిపోయాడు.

"ఆ తప్పులన్నీ నేను కావాలనే పెట్టానండీ," అన్నాడు బాబాయితో. "ప్రూఫు సరిగ్గా ఉంటే ఇక్కడికి రావడానికి నాకు పనేముంటుంది?"

ప్రెస్సంతా చెవులు రిక్కించింది. ఆమెకి ఒళ్లు మండిపోయింది, మనసేమో గంతులేసింది.

"నా బల్ల పోయేదని తెలుసా మీకు?"

"తెలీదు. తెలిస్తే అప్పుడే అచ్చు వెయ్యొచ్చని సంతకం పెట్టేసి, మిమ్మల్ని అడిగే ధైర్యం తెచ్చుకునేవాణ్ణి."

"ఇప్పుడు తెచ్చుకోవయ్యా, మెషీను ఆగి ఉంది," అన్నాడు బాబాయి, కళ్లజోడు తుడుచుకుంటూ.

అతను అడిగాడు. ఆమె మళ్లీ తన బల్ల దగ్గర కూర్చుని, జాబితా ముందేసుకుని తప్పులన్నీ టకటకా దిద్దింది. కాగితాలు అతని ముందుకు తోసి, సంతకం పెట్టమంది. రచయితగా ఈ ప్రెస్సుకి రావడం ఇదే ఆఖరంది. అతని ముఖం చిన్నబోయింది.

"రేపట్నుంచి ఇంటికి రండి. అమ్మతో నేను చెప్తాను," అంది.

అతను తబ్బిబ్బై గబగబా సంతకం పెట్టేశాడు. ఆ వంకర సంతకం చూసి ఇది ఎవరిదని బాబాయి ఆటపట్టిస్తే, ఆమె సిగ్గు పడకుండా చెప్పింది.

"మనవాడిదే బాబాయ్."