పదిహేను సెంటీమీటర్ల ప్రేమ

"ఒరేయ్ యెల్మర్! ఇంకో అడుగు ముందుకేశావంటే ఆ పల్చటి ఐస్ కింది నుంచి నీ శవాన్ని నేనే బయటికి లాగాలి. నాకంత ఓపిక లేదు!"

వంతెన పక్క నుంచి ఆ అరుపు వినగానే యెల్మర్ ఠక్కున ఆగబోయాడు. స్కేట్ల మీద ఉన్నవాడు ఠక్కున ఆగితే ఏమవుతుందో అదే అయింది. వెల్లకిలా పడి, కాలవ మీద జారుకుంటూ వెళ్ళి, చీపురు పట్టుకుని నిలబడ్డ హిస్కె కాళ్ళ దగ్గర తేలాడు.

"ఏంటీ సాష్టాంగం? ఊరంతా చూస్తోంది, లే."

"నువ్వెప్పుడొచ్చావ్?"

"రాత్రి బండికి. ఐస్ ఊడవడానికి మనుషులు చాలట్లేదని నాన్న ఫోన్ చేశాడు."

అందులో సగమే నిజం. మిగతా సగం ఏమిటో ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు.

చలిదేశంలో, కాలవల మధ్య బతికే మా ఫ్రీస్‌లాండ్ వాళ్ళం మామూలుగా పొదుపు మనుషులం. ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీతో ఒకే బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టేసే రకం. కానీ కాలవలు గడ్డకట్టాయంటే మాకు పిచ్చెక్కుతుంది. స్కేట్లు కట్టుకుని చీకటితో బయల్దేరి, కాలవల మీదా చెరువుల మీదా పదకొండు ఊళ్ళు చుట్టి అర్ధరాత్రి లోపల తిరిగి రావాలి. ఇదే మా పదకొండూళ్ళ యాత్ర. దారి పొడుగునా పదిహేను సెంటీమీటర్ల మందాన ఐస్ ఉంటేనే జరుగుతుంది, లేకపోతే లేదు. పదిహేనేళ్ళుగా లేదు.

యెల్మర్ వాళ్ళ ఇంట్లో దీనికి తోడు ఇంకో పిచ్చి ఉంది. వాళ్ళ తాత యాత్రలోనే, డొక్కుమ్ ఊరి దగ్గర, కనురెప్పలు గడ్డకట్టిన స్థితిలో నానమ్మని పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడట. నాన్న బార్ట్‌లెహీమ్ వంతెన కింద అడిగాడు. చిన్నాన్న ఒక్కడే ఎండాకాలంలో, ఐస్‌క్రీమ్ బండి దగ్గర అడిగాడు. ఆ పెళ్ళి రెండేళ్ళు కూడా నిలవలేదు. ఇక చూసుకోండి, మనవాడు పెద్ద ఒట్టు పెట్టుకున్నాడు. హిస్కెని అడిగితే యాత్రలోనే అడగాలి, అదీ నాన్న అడిగిన ఆ వంతెన కిందే.

హిస్కె బడిలో అతని పక్క బెంచీ. ఈ సంగతి తెలిసీ ప్రతి చలికాలం తనుండే ఉట్రెక్ట్ పట్నం నుంచి వచ్చేది, వాన చూసి వెళ్ళిపోయేది. ఎదురుచూపులకీ ఒక హద్దుంటుంది. పాపం, ఆ పిల్ల ఆ హద్దు దాటి చాలాకాలమైంది.

"ఆదివారం రూలోఫ్ వస్తున్నాడు," అంది మంచు ఊడుస్తూ.

"ఎవరు, ఆ పళ్ళ డాక్టరా?"

"ఊఁ. సూపర్ మార్కెట్లో జున్ను కొంటుంటే అడిగేశాడు. 'నన్ను చేసుకుంటావా, జున్ను ఎంత తీసుకోమంటావ్?' అని ఒకే గుక్కలో."

"నువ్వేమన్నావ్?"

"అరకిలో అన్నాను. రెండోదానికి ఆదివారం జవాబు చెబుతానన్నాను."

అని ఊడవడం ఆపి, చీపురు మీద గడ్డం ఆనించి అతని కళ్ళలోకి చూసింది. ఒక మగాడు ఒక మాట అడగడానికి ఆ చూపు చాలు.

"యాత్ర జరుగుతుంది హిస్కె," అన్నాడు యెల్మర్. "శనివారం ఖాయం. చూస్తూ ఉండు."

హిస్కె చీపురు మీంచి గడ్డం తీసింది. మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.

ఐస్ మీద పడ్డ మంచు దుప్పటి లాంటిది. అది కప్పుకుని పడుకున్న ఐస్ లావెక్కదు. అందుకే ఊరు ఊరంతా చీపుళ్ళు పట్టుకుని కాలవ మీదే ఉంది. వంతెన కింద నీళ్ళు కదులుతూ ఉంటాయి కాబట్టి అక్కడ ఐస్ ఎప్పుడూ పల్చనే. పక్క చెరువులోంచి లావుపాటి పలకలు రంపంతో కోసుకొచ్చి, అక్కడ అతికించి, రాత్రికి గడ్డకట్టుకోమని దండం పెట్టుకున్నాం. అందరికంటే ఎక్కువ ఊడ్చింది హిస్కె. అరచేతులు బొబ్బలెక్కినా చీపురు వదల్లేదు. మధ్యాహ్నం చర్చి ఆడవాళ్ళు బఠానీ సూప్ తెచ్చినప్పుడు యెల్మర్ తన గిన్నెలో సాసేజ్ ముక్కలన్నీ ఆమె గిన్నెలో వేశాడు.

"లంచమా?" అంది.

"ఊడ్చే మనిషికి బలం కావాలిగా."

"నాకు కావలసింది సాసేజ్ కాదురా," అంది హిస్కె నెమ్మదిగా. అతను సూప్ ఊదుకుంటున్నాడు.

బుధవారం సాయంత్రం కొలత. మా ఊరి పరిధిలో ఐస్‌కి పెద్ద హిస్కె నాన్న వీబె. ఆయన సరేనంటేనే సరే. మిగతా ఊళ్ళ నుంచి మంచి కబుర్లే వస్తున్నాయి, అనుమానమల్లా మా వంతెన దగ్గరే. ఆయన డ్రిల్లుతో ఐస్‌కి కన్నం పెట్టాడు. కళ్ళద్దాలకి ఆవిరి పట్టి ఏమీ కనపడలేదు.

"నువ్వు చూసి చెప్పమ్మా."

హిస్కె మోకాళ్ళ మీద కూర్చుని స్కేలు దింపింది. ఊరంతా గట్టు మీదే నిలబడింది. ఆ కన్నంలోకి చూడగలిగేది ఆమె ఒక్కతే. ఒక్క అబద్ధం ఆడితే చాలు. శనివారం యాత్ర, ఆ వంతెన, ఆ ప్రశ్న, అన్నీ ఆమెవే. ఆమె తలెత్తి యెల్మర్ వంక చూసింది. అతని పెదవులు "పదిహేను, పదిహేను" అని జపం చేస్తున్నాయి.

"పదమూడు," అంది.

"మళ్ళీ చూడు తల్లీ," అన్నాడు వీబె.

"మళ్ళీ మళ్ళీ చూశాను నాన్నా. పదమూడే."

వీబె టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. యాత్ర జరిపించేవాళ్ళకి ఫోన్ చేయడానికి ఇంట్లోకి వెళ్ళాడు. గట్టు మీద జనం ఒక్కొక్కరే తలలు దించుకుని కదిలారు. యెల్మర్ మాత్రం కదల్లేదు.

"రెండంటే రెండు సెంటీమీటర్లు! పదిహేను అంటే నీ సొమ్మేం పోయేది?"

"రేపట్నుంచి కరుగుతుందని రేడియోలో చెప్పారు. నేను పదిహేను అంటే శనివారం పదహారు వేల మంది దీని మీదికి వస్తారు. ఎంతమంది మునిగేవాళ్ళో నువ్వు చెప్పు."

"నీకసలు యాత్ర జరగాలనే లేదు. అందుకే అలా చెప్పావ్."

హిస్కె బొబ్బలెక్కిన చేతులు అతని ముఖం ముందు పెట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"నన్ను ఒక్క మాట అడగడానికి నీకు పదహారు వేల మంది ప్రాణాలు కావాలి. ఆ పళ్ళ డాక్టరుకి అరకిలో జున్ను సరిపోయిందిరా."

అప్పుడైనా అడగొచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఇది నాన్న అడిగిన వంతెన కాదే, ఇది యాత్ర కాదే అనుకున్నాడు వెధవ. స్కేట్లు విప్పి భుజాన వేసుకుని గట్టెక్కి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి టీవీలో యాత్ర లేదని చెప్పారు. పెద్ద పెద్ద మగాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు. శుక్రవారానికి వాన పట్టుకుంది. ఇక ఇలాంటి చలి మళ్ళీ మన జన్మలో రాదని ముసలివాళ్ళు అంటుంటే కాదనేవాడు లేడు. యెల్మర్ ఆవుల కొట్టంలోంచి బయటికి రాలేదు. తిండి మానేశాడు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళమ్మ కొట్టంలోకి వచ్చింది.

"ఎంతసేపురా ఈ ఏడుపు?"

"నాన్న అదృష్టవంతుడమ్మా. వంతెన కింద అడగగలిగాడు."

"ఏం అడిగాడు? చలికి పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! తాగడానికి నీళ్ళడుగుతున్నాడేమో అనుకున్నాను. మర్నాడు వంటింట్లో, నేను ఉల్లిపాయలు తరుగుతుంటే మళ్ళీ అడిగాడు. అప్పుడు సరేనన్నాను."

యెల్మర్ చేతిలో పార కింద పడింది. పేడ బూట్లతోనే, గొడుగు కూడా లేకుండా పరిగెత్తాడు.

వీబె ఇంటి ముందు నీలం రంగు కారు ఉంది. తలుపు తీసింది హిస్కె. అతని జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"హిస్కె, నన్ను పెళ్ళి చేసుకుంటావా? వంతెనా వద్దు, యాత్రా వద్దు. నువ్వు లేకపోతే నేను బతకలేను. ఆ రోజు అన్న మాటకి నన్ను చెప్పుతో కొట్టు."

హిస్కె గుమ్మం పట్టుకుంది. తెల్లని ముఖం ఇంకా తెల్లబోయింది.

"పొద్దుట్నుంచి కిటికీ దగ్గరే కూర్చున్నాన్రా. ఇప్పుడొస్తావు, ఇప్పుడొస్తావని. భోజనాల దగ్గర అతను అడిగాడు. సరేనన్నాను."

"వద్దని చెప్పెయ్! ఇప్పుడే కదా!"

"రూలోఫ్ మంచివాడు. నా మాట నమ్మి లోపల వాళ్ళమ్మకి ఫోన్ చేస్తున్నాడు." ఆమె ఏడుస్తోంది, తుడుచుకోవడం లేదు. "చెప్పిన మాట మార్చేదాన్నైతే, యెల్మర్, బుధవారమే నీ కోసం రెండు సెంటీమీటర్లు మార్చేదాన్ని."

తలుపు మెల్లగా మూసుకుంది. చప్పుడు కాకుండా మూసిందంటే ఆమెకింకా ప్రేమ ఉన్నట్టే. అది ఇప్పుడెవరికీ పనికిరాదు.

కాసేపటికి వీబె గొడుగు తీసుకుని బయటికొచ్చాడు. నిలువునా తడుస్తున్న కుర్రాడిని ఆ గొడుగు కిందికి లాక్కుని నడిపించాడు. కాలవలో నీళ్ళు నల్లగా కదులుతున్నాయి.

"అల్లుడంటే నువ్వేననుకున్నానురా," అన్నాడు వీబె చివరికి. "నీకు బడి రోజుల్నుంచీ మా ఇంట్లో చోటుంది."

యెల్మర్ ఆగిపోయాడు.

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం మావయ్యా? చెబితే ఎప్పుడో అడిగేవాణ్ణి కదా!"

ముసలాయన కాలవ వైపు చూశాడు.

"యాత్ర అయ్యాక చెబుదామనుకున్నాను," అన్నాడు.